శాస్త్రము పుట్టిన తీరు చెప్పు గ్రంథములు



చోడవరము చేరువనున్న మా గోవాడలో సాయంతనము రచ్చబండ యొద్ద కూడు పెద్దలు కొందఱు నన్ను తఱచుగా నొక ప్రశ్న యడుగుచుందురు. "మాస్టారూ, పురాణములకు మనకు కొదవ లేదు. రాజుల చరిత్రలును కావలసినన్ని యున్నవి. భూమి తిరుగుచున్నదని మొదట చెప్పినవా డెవడు? వినినవారు నమ్మిరా, నవ్విరా? మశూచికము నాపు నుపాయము ఎవరి బుద్ధికి తోచెను? ఈ కథలు చెప్పు పుస్తకము లేవి? వానిలో మంచివేవి?" అని వారి ప్రశ్న. ప్రశ్న చిన్నదే గాని ప్రత్యుత్తరము చిన్నది కాదు. ఆకాశవాణివారు దయతో నాకిచ్చిన కొలది నిమిషములలో నాకు తోచినంత మనవి చేసెదను.

మొదట నొక భేదమును గుర్తింపవలెను. శాస్త్రగ్రంథము వేఱు, శాస్త్రముయొక్క చరిత్ర వేఱు. తేలిన సంగతిని చెప్పునది శాస్త్రగ్రంథము. అది యెట్లు తేలెనో చెప్పునది చరిత్ర. మన యిండ్లలో పంచాంగ మున్నది. అందు గ్రహణమునకు స్పర్శ, మధ్య, మోక్ష కాలములు వ్రాసియుండును. ఆ కాలములను గణించు మార్గమును సిద్ధాంతగ్రంథములు చెప్పును. ఐతే గణితము చెప్పిన వేళకు గ్రహణము రానప్పుడు పూర్వులేమి చేసిరి? బీజసంస్కారమని యొకటి యేల కల్పించుకొనిరి? కంటికి కనబడినదానిని నమ్మవలెనా, గ్రంథమున నున్నదానిని నమ్మవలెనా యని యెట్లు వాదులాడుకొనిరి? వీనిని చెప్పునది చరిత్ర. దేనిని బట్టి దేనిని నమ్మవలెనను విచారణకు తత్త్వవిచారమని పేరు. తర్కము చదివినవారికి ఇది క్రొత్త కాదు. ప్రత్యక్షము, అనుమానము, శబ్దము మొదలగు ప్రమాణములను గూర్చి మన నైయాయికులు శతాబ్దముల తరబడి చర్చించిరి. శాస్త్రతత్త్వమని నేడు పాశ్చాత్యులు పిలుచునదియు ఆ వీధిలోని యిల్లే.

అంగళ్లలో ఇట్టి పేరు పెట్టుకొన్న పుస్తకములు చాల దొరకును. అందు పెక్కు రెండు తెగలకు చెందినవి. ఒక తెగవారు సమస్తమును మన ఋషులకు ముందే తెలియునందురు. విమానముతో మొదలిడి పరమాణువుతో ముగింతురు. రెండవ తెగవారు గ్రీకు దేశమున మొదలిడి ఐరోపాలో ముగింతురు. నడుమ మన దేశమునకు సున్న యిచ్చి, ఆ సున్నకే యొక నమస్కారము పెట్టి వెడలిపోదురు. ఈ రెండు తెగలకును లోపమొక్కటే. ఎవరు గెలిచిరో చెప్పుదురు. ఎట్లు తెలిసికొనిరో చెప్పరు. మంచి గ్రంథమును గుర్తించుటకు నేను వాడు పరీక్ష యొకటి కలదు. మన తెలుగునేల మీదనే జరిగిన సంగతి యొకదానిని తీసికొని దానిని వివరించెదను.

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. చంద్రుని నీడ పడమటి సముద్రతీరమునుండి గుంటూరు, బందరుల మీదుగా తూర్పు సముద్రములోనికి సాగినది. గుంటూరున సంపూర్ణగ్రాసము అయిదు నిమిషములకు మించి నిలిచెను. ఇట్టి యవకాశము అరుదగుటచే ఐరోపానుండి జ్యోతిర్విదులు తరలివచ్చిరి. ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను పండితుడు గుంటూరున విడిదిచేసెను. ఆంగ్లేయుల పక్షమున టెన్నెంటు అను సైనికోద్యోగియు గుంటూరుననే యుండెను. మదరాసు వేధశాలాధిపతి పోగ్సన్ బందరులో తన సాధనములను నెలకొల్పెను. వారివెంట నున్న ముఖ్యసాధనము వర్ణపటదర్శిని. వెలుగును గాజు పట్టకముగుండ పంపి, ఇంద్రధనుస్సువలె విడదీసి, అందలి గీతలను బట్టి ఏ పదార్థము మండుచున్నదో తెలిసికొను యంత్రమది.

సూర్యబింబము పూర్తిగా కప్పబడినపుడు అంచున ఎఱ్ఱని జ్వాలలు కనబడును. అవి చంద్రునివా, సూర్యునివా, వట్టి దృష్టిభ్రాంతియా యని యంతకుముందు వాదములుండెను. 1860వ సంవత్సరపు గ్రహణమున తీసిన ఛాయాచిత్రములతో అవి సూర్యునివే యని తేలెను. ఐతే అవి దేనితో చేయబడినవో తెలియదు. గుంటూరులో జాన్సెన్ యంత్రముగుండ చూడగా వాని వెలుగు కాంతివంతములగు గీతలుగా కనబడెను. అనగా అవి మండుచున్న వాయువులు. అందు జలజనకము ముఖ్యము. ఆ గీతలెంత తీక్ష్ణముగా నుండెననగా, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునేమో యని జాన్సెన్‌కు తోచినది. మఱునాటి యుదయము పూర్ణసూర్యుని మీదనే ప్రయత్నించి కృతార్థుడయ్యెను. ఈ సంగతి నతడు కాకినాడ నుండి సెప్టెంబరు 19వ తేదీతో పారిసు నగరమునకు లేఖ వ్రాసి పంపెను. ఇంతలో ఇంగ్లండులో లాక్యరు అనునతడు గ్రహణము చూడకయే, అక్టోబరు 20వ తేదీన ఆ యుపాయమునే కనుగొనెను. ఇద్దఱి లేఖలును అక్టోబరు 26వ తేదీన ఒకే దినమున పారిసు విద్వత్సభకు చేరెను. ఎవరు ముందను తగవు పెట్టక, ఇరువుర ముఖములను ఒకే పతకముపై ముద్రించి 1872లో ఫ్రెంచివారు గౌరవించిరి. పెద్దమనుష్యులు పంచాయతి తీర్చినట్లున్నది గదా!

ఇక అసలు సంగతికి వచ్చెదను. ఆ గీతలలో పసుపువన్నె గీత యొకటి యుండెను. ఉప్పునందలి సోడియము మండునపుడు పసుపు గీతలు పుట్టునని అందఱు నెఱుగుదురు. కావున చూచినవారిలో పలువురు దీనిని సోడియపు గీతయే యనుకొనిరి. బందరులో చూచిన పోగ్సన్ మాత్రము ఇది సోడియపు గీతలతో సరిగా కలియుట లేదని తన నివేదికలో వ్రాసికొనెను. తరువాత లాక్యరు సరిగా కొలిచి అది వేఱు గీత యని నిశ్చయించెను. ఐనను అది క్రొత్త పదార్థముదని చెప్పుటకు వెంటనే సాహసింప లేదు. ఫ్రాంక్లాండు అను రసాయనజ్ఞునితో కలిసి, జలజనకమే ఒత్తిడి మాఱినపుడు ఈ గీతను ఇచ్చునేమో యని పరీక్షించెను. 1871లో విలియం తామ్సన్ ఒక పండితసభకు అధ్యక్షోపన్యాసము చేయుచు హీలియమను పేరును పలికెను. సూర్యునకు గ్రీకు భాషలోని నామము దానికి మూలము. రసాయనజ్ఞులు చాలమంది నమ్మలేదు. భూమి మీద దొరకని పదార్థమును గీతను చూచి యెట్లు ఒప్పుకొందుమనిరి. 1895లో రామ్సే అను నతడు లండనులో యురేనియముగల ఖనిజమునుండి వెలువడిన వాయువును పరీక్షింపగా ఆ పసుపు గీతయే కనబడెను. అప్పటికి గుంటూరు గ్రహణము జరిగి ఇరువదియేడు సంవత్సరములు.

మీకు దొరకిన పుస్తకమున ఈ కథ యున్న పుటను తెఱచి చూడుడు. "1868 ఆగస్టు 18న గుంటూరులో జాన్సెన్ హీలియమును కనుగొనెను" అని యొక్క వాక్యముతో ముగించినచో, ఆ పుస్తకమును తిరిగి అలమరలో పెట్టవచ్చును. జాన్సెన్ తన లేఖలో క్రొత్త పదార్థమును కనుగొంటినని చెప్పనే లేదు. గుంటూరు పేరు వచ్చినదని మనకు సంతోషము కలుగును. ఆ సంతోషము కొఱకు అసత్యము నొప్పుకొనరాదు. అసలు కథలో గుంటూరునకు దక్కిన కీర్తి తక్కువది కాదు: గ్రహణముతో పని లేకుండ సూర్యుని జ్వాలలను దినదినమును చూచు విద్య అక్కడ పుట్టినది. మంచి పుస్తకము ఎవరు ఏ సాధనముతో ఏమి చూచిరో చెప్పును. ఎవరు సందేహించిరో, వారి సందేహము తెలివితక్కువదా సహేతుకమా విచారించును. ఏండ్లు ఎన్ని పట్టెనో దాచదు. తనకు ఆ సంగతి ఏ లేఖవలన, ఏ నివేదికవలన తెలిసెనో పుట క్రింద చూపును. ఈ విషయముపై బిమన్ నాథ్ అను భారతీయ భౌతికశాస్త్రజ్ఞుడు 2013లో ఆంగ్లమున 'ది స్టోరీ ఆఫ్ హీలియం' అను గ్రంథము ప్రకటించెను. మూలపత్రములను వెదకి చూచి, పాఠ్యపుస్తకములలోని ఐతిహ్యమును సరిదిద్దిన గ్రంథమది. ఆంగ్లము వచ్చిన మనుమలున్నవారు చదివించుకొని వినదగును.

ఈ పరీక్షయే మన ప్రాచీనుల విషయమునను పనికివచ్చును. ఆర్యభటుడు క్రీస్తుశకము 499 నాటికి ఇరువదిమూడేండ్లవాడు. నక్షత్రమండలము కదలుట లేదు, భూమియే తన చుట్టు తాను తిరుగుచున్నదని చెప్పెను. ప్రవాహమున సాగు నావలోని వానికి గట్టున నున్న చెట్లు వెనుకకు పోవుచున్నట్లు తోచుటను దృష్టాంతముగా జూపెను. ఇంతవఱకు అన్ని పుస్తకములును చెప్పును. అటుపై జరిగినదానిని చెప్పు పుస్తకములు కొన్నియే. వరాహమిహిరుడు ఈ మతమును ఖండించెను: భూమియే తిరుగుచో ఆకాశమున కెగిరిన పక్షి తిరిగి తన గూటికెట్లు చేరునని యతని ప్రశ్న. 628లో బ్రహ్మగుప్తుడు మఱింత తీవ్రముగా ఆక్షేపించెను. తరువాతి వ్యాఖ్యాతలలో కొందఱు ఆర్యభటుని శ్లోకములకు వేఱు అర్థము చెప్పి, ఆయన భూమి తిరుగునని చెప్పలేదనిరి.

బ్రహ్మగుప్తుని మూర్ఖుడందుమా? ఆయన గణితశాస్త్రమున మహామేధావి. సున్నతోడి లెక్కలకు నియమములు చెప్పినవాడు. పక్షి గూటిని గూర్చిన ప్రశ్నకు ఆనాడు జవాబు లేదు. భూమితో బాటు గాలియు, గాలిలోని పక్షియు ఆ వేగమును పంచుకొనునని తెలియవలెను గదా. ఐరోపాలో గెలీలియో 1632లో ప్రకటించిన సంవాదగ్రంథమున దీనికి సమాధానముగా ఓడ గదిని దృష్టాంతముగా చూపెను: సాగుచున్న ఓడ లోపలి గదిలో ఎగురు సీతాకోకచిలుకలు వెనుకగోడకు కొట్టుకొనవని. ఆర్యభటునిది నావ, గెలీలియోది ఓడ. నడుమ పదునొకండు శతాబ్దములు. ఇందు ఒకరు మఱియొకరి నుండి గ్రహించిరనుటకు ఆధారమేమియు లేదు, ఆ మాట వ్రాసిన పుస్తకమును నమ్మవలదు. ఐనను ఇద్దఱి దృష్టాంతములను ప్రక్క ప్రక్కన నుంచి చూచినచో, ఒక మతము నిలుచుటకు అది సత్యమైయుండుట మాత్రమే చాలదనియు, ఎదుటివాని ఆక్షేపణకు సమాధానము కూడ కావలెననియు తేటపడును.

మన శాస్త్రములు చదివినవారికి పూర్వపక్షమన నేమో తెలియును. ఎదుటివాని మతమును అతడే వచ్చి చెప్పినంత బలముగా చెప్పి, పిమ్మట ఖండింపవలెను. పూర్వపక్షమును బలహీనముగా చెప్పి సిద్ధాంతమును గెలిపించువానిని గురువులు మందలించెడివారు. శాస్త్రచరిత్ర వ్రాయువానికి నేనీ నియమమునే పెట్టుదును. టాలెమీని, బ్రహ్మగుప్తుని, హీలియమును నమ్మని రసాయనజ్ఞులను బుద్ధిమంతులుగా చూపగలవాడే చరిత్ర వ్రాయ దగినవాడు. 1962లో తామస్ కూన్ అను అమెరికా పండితుడు 'ది స్ట్రక్చర్ ఆఫ్ సైంటిఫిక్ రెవొల్యూషన్స్' అను చిన్న గ్రంథము వ్రాసెను. పండితులు తమకు అలవడిన చట్రమును ఏల సులభముగా విడువరో, ఎప్పుడు విడుతురో అందు విచారించెను. గొప్ప గ్రంథమే గాని మొట్టమొదట చదువదగినది కాదు. కథలు తెలియకుండ దానిని చదివినవాడు శాస్త్రమంతయు వట్టి అభిప్రాయభేదమే యనుకొను ప్రమాదమున్నది.

మన యాంధ్రులకు ప్రత్యేకమైన ప్రలోభ మొకటి కలదు. అది నాగార్జునుని విషయము. కృష్ణాతీరమున నాగార్జునకొండ యున్నది. మాధ్యమిక బౌద్ధాచార్యుడగు నాగార్జునుడు రెండవ శతాబ్ది ప్రాంతమువాడు. రసవాదమునకు సంబంధించిన రసరత్నాకరమును నాగార్జునుని పేర నున్నది. ఈ రెంటిని కలిపి, పాదరసవిద్య మొత్తము రెండవ శతాబ్దమున మన కొండ మీద పుట్టినదని వ్రాయువారున్నారు. 1030 ప్రాంతమున మన దేశమును గూర్చి వ్రాసిన అల్‌బిరూనీ, రసవిద్యలో నిపుణుడైన నాగార్జునుడొకడు సోమనాథము సమీపమువాడనియు, తనకు సుమారు నూఱేండ్లకు పూర్వపువాడనియు చెప్పియున్నాడు. ఒకే పేరుగలవారు పలువురుండిరని ఒప్పుకొనక తప్పదు. ఈ చిక్కులను ఓపికతో విప్పుటకు మొదట పూనుకొన్నవాడు ప్రఫుల్లచంద్ర రాయ్. ఆయన స్వయముగా రసాయనశాలలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. తాళపత్రములను సేకరించి చదివి 'హిస్టరీ ఆఫ్ హిందూ కెమిస్ట్రీ' అను గ్రంథమును 1902లోను, 1909లోను రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆయన నిర్ణయించిన కాలములలో కొన్నిటిని తరువాతివారు మార్చిరి. అందుచే ఆ గ్రంథమునకు లోటు రాలేదు. మార్చుటకు వలసిన యాధారములను చాలవఱకు ఆయనయే గ్రంథమున ముద్రించి యిచ్చెను గదా.

దూరదేశముల మాట చాలించి మన మండలమునకు వచ్చెదను. నేడు మన చోడవరము అనకాపల్లి జిల్లాలోనిది. 2022కు పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ విశాఖపట్టణమున డాబాగార్డెన్సు అను పేట నెఱుగనివారు మీలో నుండరు. ఆ ప్రదేశమున 1840 ప్రాంతమున వేధశాల యొకటి వెలసినదని ఎఱిగినవారెందఱు? గోడె వేంకట జగ్గారావు అను జమీందారు మదరాసునకు పోయి, అక్కడి వేధశాలాధిపతి టెయిలరు నొద్ద జ్యోతిశ్శాస్త్రము నేర్చి, తిరిగివచ్చి స్వంత ద్రవ్యముతో దానిని నిర్మించెను. 1856లో ఆయన మరణించెను. పిమ్మట అల్లుడగు అంకితం వేంకట నరసింగరావు దానిని చేపట్టెను. ఈయన డిప్యూటీ కలెక్టరు పదవిని విడిచి ఆకాశమును పట్టుకొన్నవాడు. మనవారు సాధారణముగా దీనికి విపర్యయముగా చేయుదురు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమున కడ్డముగా నడచినపుడు ఆయన విశాఖలో చూచి కొలిచిన కొలతలు లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చుపడినవి. ఆ సంఘమున ఆయన సభ్యుడు గూడ. ఆయన 1892లో కాలధర్మము నొందెను.

ఆ శుక్రసంక్రమణము కొఱకే మదరాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి సామాన్యులకు బోధపడునట్లు చిన్న పుస్తకము వ్రాసి, ఆంగ్లమునను దేశభాషలలోను ప్రకటించెను. 1867లో ఒక చంచలకాంతి నక్షత్రమును కనుగొన్నవా డాయన. కంటికి కనబడు గ్రహస్థితికి సరిపోవునట్లు పంచాంగము దిద్దవలెనని పోరాడినవాడును ఆయనయే. దృగ్గణిత పంచాంగమా, పూర్వపద్ధతి పంచాంగమా యని యేకాదశి విషయమున మన యిండ్లలో నేటికిని తగవు పడుచుందుము గదా, ఆ తగవునకు ఆయన కాలపు చరిత్ర తెలిసినచో సగము వేడి చల్లారును.

జగ్గారావు, నరసింగరావుల చరిత్రను ఆధారసహితముగా వ్రాసిన వ్యాసము లున్నవి. కాని ముఖ్యమైనవి ఆంగ్లమున, పండితపత్రికలలో నున్నవి. విశాఖలో మనుమని చదివించు రైతునకు, ఆ పట్టణమున నూటయేబదియేండ్ల క్రిందట తెలుగువాడు శుక్రుని కొలిచెనని తెలుగులో చెప్పు పుస్తకము సులభముగా చేతికందవలెను గదా. పాఠశాలలో చదువు చెప్పిన దినములలో నేను చేతనుంచుకొన్న పాఠ్యపుస్తకమొకదానిలో గెలీలియో దూరదర్శిని బొమ్మ యుండెను, నరసింగరావు పేరు లేదు. రెండును ఉండదగినవే.

తెలుగున అసలు ప్రయత్నమే జరుగలేదని తలంపవలదు. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములుగా రచించెను. శాస్త్రమును తెలుగున చెప్పుట భారతము తెనిగించుట వలెనే పాతదన్నమాట. పందొమ్మిదవ శతాబ్దమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు జ్యోతిశ్శాస్త్రమును, శరీరశాస్త్రమును తెలుగున సంగ్రహించిరి. 1906లో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారును, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగు మిత్రులును హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. 1908లో అది మదరాసునకు మాఱినది. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానశాస్త్రము ఆ మండలివలన వెలువడినవి. నేడు మనము శ్రమలేకుండ వాడు శాస్త్రపరిభాషలో చాల భాగమునకు వీరి శ్రమయే పునాది. పిమ్మట లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును పూనిరి. మూడు సంపుటములు వెలువడినను అకారాదులగు పదములు దాటకమునుపే 1923లో ఆయన స్వర్గస్థులైరి. భాషకు ఏబదికి పైగా అక్షరములు. మొదటి యక్షరముననే మహానుభావుని యాయువు తీరినది. స్వాతంత్ర్యము వచ్చిన యేడు, అనగా 1947లో, తెలుగు భాషాసమితి యేర్పడి విజ్ఞానసర్వస్వమును క్రొత్తగా, విషయక్రమమున ప్రకటించినది.

ఇవి యెక్కువగా శాస్త్రగ్రంథములు. చరిత్రభాగము వీనిలో కొలదిగానే యుండును. ఐనను చరిత్ర చదువువానికి ఇవియే ఇప్పుడు చరిత్రసాధనములైనవి. 1909 ప్రాంతమున తెలుగువాడు పరమాణువును ఎట్లు ఊహించెనో ఆ పుస్తకము చూపును. వీనిలో పలుపుస్తకముల ప్రతిబింబములు నేడు అంతర్జాలమున వెల లేకుండ దొరకుచున్నవి. చేతఫోను గల కుఱ్ఱవానికి పేరు చెప్పిన చాలు. కాగితము తాకి చదువదలచినవారికి వేటపాలెమున 1918లో స్థాపింపబడిన సారస్వతనికేతనము వంటి పాత గ్రంథాలయములు శరణ్యములు.

తెలుగున తరువాతి కాలపు గ్రంథములలో మహీధర నళినీమోహన్‌గారి 'క్యాలెండర్ కథ'ను పల్లె గ్రంథాలయములు తప్పక తెప్పింపవలెను. తిథులతోను, సంక్రాంతితోను బ్రదుకు మనకు, దినమును నెలను సంవత్సరమును జతపఱచుటకు మనుష్యులు పడిన పాట్లు కథగా చదువుట హాయిగా నుండును. ఆంగ్లమున పెద్ద గ్రంథము వలయునన్నచో, 1971లో బోస్, సేన్, సుబ్బరాయప్పల సంపాదకత్వమున భారత జాతీయ విజ్ఞాన అకాడమీ వెలువరించిన 'ఎ కన్సైజ్ హిస్టరీ ఆఫ్ సైన్స్ ఇన్ ఇండియా' యున్నది. గణితమునకు దత్తు, సింగుల గ్రంథము 1935లోను, 1938లోను రెండు భాగములుగా వచ్చినది. దానికి తోడుగా కిం ప్లాఫ్కర్ 2009లో వ్రాసిన 'మ్యాథమాటిక్స్ ఇన్ ఇండియా'ను చదువవలెను. మొదటిది కొంత అభిమానముతో, రెండవది కొంత జాగ్రత్తతో వ్రాయబడినవి. రెంటి నడుమ సత్యము సుఖముగా కూర్చున్నది. 1971లోనే ధర్మపాల్ పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్లేయుల నివేదికలను కూర్చి యొక గ్రంథము ప్రకటించెను. జెన్నరు 1796లో చేసిన ప్రయోగమునకు ముందే వంగదేశమున మశూచికమునకు చుక్కలు పొడుచువారుండిరను వృత్తాంతము అందున్నది. పత్రములు యథార్థములు, చదువదగినవి. కాని మనలను మెచ్చుకొన్న పత్రములే యందు ఎక్కువ యని గుర్తుంచుకొనవలెను. పొగడ్త లేఖలను మాత్రమే దాచుకొన్నవాని పెట్టెను చూచి అతని వ్యవహారము తెలిసికొనలేము గదా.

చివరగా గోవాడవారికి ప్రీతికరమైన సంగతి యొకటి. సహకార చక్కెర కర్మాగారముచే మా యూరి పేరు నలుదిక్కుల తెలిసినది. అనకాపల్లి బెల్లపు సంత సంగతి చెప్పనే యక్కఱలేదు. శాస్త్రచరిత్రలు చాలవఱకు పండితుల చరిత్రలే, చేతిపనివారి చరిత్రలు కావు. బెల్లము వండువాడు పాకము చుక్కను నీట విడిచి, వ్రేళ్ల నడుమ నొక్కి, దింపవలసిన అదను చెప్పును. రసమునకు సున్నపు తేట పోసి మడ్డి తీయును. ఆ సున్నము రసములోని పులుపును విఱిచి మలినములను పేరుకొనజేయునని రసాయనజ్ఞులు చెప్పుటకు ఎంతో ముందే ఆ పని గానుగల యొద్ద జరుగుచుండెను. మన శర్కరాశబ్దమే పారసీకుల నోట షకర్ అయి, అరబ్బుల నోట సుక్కర్ అయి, ఆంగ్లేయుల నోట షుగర్ అయినది. చెఱకుతో గాని చక్కెర రాదనుకొన్న లోకమునకు, 1747లో బెర్లినున మార్గ్రాఫ్ అను రసాయనజ్ఞుడు బీటు దుంపలోను అదే చక్కెర యున్నదని చూపెను.

647లో చీనా చక్రవర్తి తాయిత్సుంగు, చక్కెర వండు విద్యను నేర్చి రమ్మని మగధదేశమునకు మనుష్యులను పంపెనని ఆ దేశపు రాజచరిత్రలో వ్రాయబడియున్నది. వారు నేర్చివచ్చిన పద్ధతిని యాంగ్చౌ చెఱకుతో ప్రయత్నింపగా రంగునను రుచియందును మేలుగా వచ్చెనట. ఈ వృత్తాంతము, దానితోడి గానుగలు, పెనములు, పాకముల వివరమంతయు, జోసెఫ్ నీడ్హమ్ 1954 నుండి ప్రకటింపసాగిన చీనా శాస్త్రచరిత్ర గ్రంథమాలలో 1996లో వెలువడిన భాగమున నున్నది. ఆ గ్రంథకర్త పేరు క్రిస్టియన్ డేనియల్స్. వెల యెక్కువ, భాష ఆంగ్లము. పల్లె గ్రంథాలయమున కందునది కాదు. విశ్వవిద్యాలయమున చదువుకొను మన పిల్లలెవరైన అక్కడి గ్రంథాలయమున ఆ యధ్యాయమును చూచి, సంక్రాంతి సెలవులకు వచ్చినపుడు బెల్లపు పాక యొద్ద కూర్చుండి దాని సారమును తెలుగున చదివి వినిపించినచో, పెద్దలు అందలి తప్పులను గూడ పట్టుదురని నా నమ్మకము. పాకము దింపు అదను ఆ గ్రంథకర్తకంటె వారికే బాగుగా తెలియును.